చెవులతో కలిపి కొలత

కొండ మీద నుంచి లోయలోకి మెలికలు తిరుగుతూ జారే దుంగబండి ఒకటి అడవిలో ఉండేది. దాన్ని ఎలుగు మామ నడిపేవాడు. బండి పక్కన ఒక కర్ర పాతి, దాని మీద గీత గీశాడు. తల ఆ గీతకు అందని పిల్లల్ని ఎక్కనిచ్చేవాడు కాదు. మరీ చిన్నవాళ్లకు నడుము తాడు బిగియదు, మలుపులో జారిపడతారు.

ఒకరోజు కుందేలమ్మ తన కొడుకు దూదిని వెంటబెట్టుకుని వచ్చింది. దూది తల గీతకు జానెడు కిందే ఆగిపోయింది.

“ఇంకొంచెం పెరిగాక తీసుకురామ్మా,” అన్నాడు ఎలుగు మామ.

“చెవులు కొలవవేం? అవి మావాడివి కావా?” అంటూ కుందేలమ్మ కొడుకు చెవులు రెండూ పట్టుకుని పైకి లాగింది. వాటి కొసలు గీత దాటాయి.

“అమ్మా, నొప్పి! వచ్చే ఏడు ఎక్కుతాలే,” అన్నాడు దూది.

“నోర్ముయ్! పక్క పొదలో జింకపిల్ల నిన్ననే ఎక్కింది. వాళ్లమ్మ ముందు నేను తలెత్తుకోవద్దూ?”

ఎలుగు మామ తాడు తెచ్చి, దూది చెవులకు చుట్టి, రెండో కొస దుంగకు కట్టబోయాడు.

కుందేలమ్మ కెవ్వుమంది. “చెవులకు కడతావేమయ్యా? ఊడిరావూ?”

“ఎత్తు సరిపోయింది చెవులకే కదమ్మా. అందుకే చెవుల్నే ఎక్కిస్తున్నాను. మిగతా పిల్లాడికి ఇంకా ఎత్తు చాలలేదు.”

కుందేలమ్మ కొడుకును లాక్కుని గబగబా కొండ దిగింది. దారిలో ఎదురైన ప్రతివాళ్లతోనూ, “ఆ బండి దగ్గరకు మీ పిల్లల్ని పంపకండి. ఆ ఎలుగుకు పసిపిల్లల ప్రాణాలంటే బొత్తిగా లెక్కలేదు,” అని చెప్పుకుంటూ పోయింది.