నిలబెట్టి తీసిన కొలత

"నాలుగంగుళాలక్కా! నీ అంగడి గోడ దారిలోకి వచ్చేసింది. పగలగొట్టాల్సిందే," అన్నాడు ఇంజనీరు ఎలుమలై. తిరుత్తణి బజారులోని ఆ పొడుగాటి కాంప్లెక్సు లోపల, ఈ కొస నుంచి ఆ కొసకి లేజర్ స్కానర్ చేత్తో పట్టుకుని నడిచి, పది నిమిషాల్లో అంగళ్ళన్నీ కొలిచేసినాడు.

టైలర్ ఎస్తేర్ కుట్టుమిషన్ ఆపి లేచింది.

"నడస్తా కొలిచినావు కదా తంబీ? నడిచే మనిషికి జాకెట్టు కొలత తీస్తే భుజం యాడుంటాది, చంక యాడుంటాది? నీ కారులో మూడుకాళ్ళ స్కానర్ ఉందంట కదా. దాన్ని తెచ్చి నిలబెట్టి కొలిచి చూడు."

"దానికి రెండు గంటలు పడతాదక్కా."

"పడనీ. ఈ గోడ లేపేదానికి నాకు రెండేండ్లు పట్టింది."

మూడుకాళ్ళ మీద స్కానర్ చోటుచోటా ఆగి, నిదానంగా కొలిచింది. ఎలుమలై స్క్రీను చూసి తల గోక్కున్నాడు.

"ఒక్క అంగుళమేనక్కా."

తన గోడలో వంకే లేదని నమ్మిన ఎస్తేర్‌ తనే స్క్రీనులోకి వంగి చూసుకుంది. తరవాత మెడలోని టేపు తీసి, గోడ కొసన అంగుళం కొలిచి, బట్టల మీద గీసే చాక్‌పీసుతో నిలువునా గీత గీసింది.

"ఈ అంగుళం నా తప్పే. పైన సిమెంటు పూత చెక్కుకో. గీత దాటినావంటే మాత్రం, ఆ మూడంగుళాలూ నీ తప్పు!"