రెండో నంబరు మీద ఎర్ర మచ్చ

తెర మీద ఎర్ర మచ్చ వెలిగేసరికి నవత చేతిలోని పెన్ను జారిపోయింది. రెండో నంబరు ట్రాన్స్‌ఫార్మర్‌లో లోపం ఉంది, తొంభై మూడు శాతం ఖాయం అంటోంది కంప్యూటర్.

జహీరాబాద్ శివారులోని ఆ సబ్‌స్టేషన్‌కు ఆమె ఇంజనీరు. వేడిని పసిగట్టే కెమెరాలు పెట్టించి, వేల ఫొటోలు చూపించి, చెడబోయే యంత్రం ఎలా ఉంటుందో ఆ కంప్యూటర్‌కు నేర్పింది తనే. అది కాపలా మొదలుపెట్టి మూడు రోజులే.

గోడ అవతల, ఆ ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే కూలీ చెన్నబసప్ప గడ్డి కోస్తున్నాడు. నవత ఫోన్ అందుకుంది.

"అన్నా, కొడవలి ఆడనే ఇడిసి గేటు కాడికి రా. జల్ది."

తర్వాత పై అధికారి విష్ణువర్ధన్‌కు చేసింది. "సార్, రెండో నంబరు ఆపాలె."

"మల్లనా? టైమెంత?"

"పన్నెండున్నర."

"మొన్న గిదే టైముకు ఆపితివి. నిన్న గిదే టైముకు. న్యాల్‌కల్ దాకా చెరకు మోటర్లు బందై రైతులు నా మీదికొచ్చిన్రు. ఆఖరికేం దొరికింది?"

దొరికింది ఆపరేటర్ నసీరుద్దీన్ టిఫిన్ డబ్బా. రొట్టెలు వెచ్చబడాలని ఇరవై ఏళ్లుగా ఆయన దాన్ని ట్రాన్స్‌ఫార్మర్ వేడిని వదిలే రెక్కల మీద పెడుతున్నాడట. ఆ స్టీలు మెరుపును కెమెరా నిప్పనుకుంది. తాడును చూసి పామని అరిచినట్టయింది నవత పని. 'ఇక పెట్టకు భాయ్' అంటే ఆయన తలూపాడు గానీ, ఇరవై ఏళ్ల అలవాటు ఒక్క పూటలో పోతుందా?

"దవాఖానల ఆపరేషన్ నడుస్తున్నది నవతా. ఇంకోపారి డబ్బా కోసం కరెంటు తీస్తే ఆ కెమెరాలు పీకిస్త. నీ ఇష్టం."

ఫోన్ పెట్టేశాడు. రెండేళ్ల కష్టం. నవత స్విచ్ మీద వేలు పెట్టింది, తీసేసింది. మచ్చ ఇంకా ఎర్రబడింది. ఎండకు డబ్బా కాలదా మరి, అని తనకు తానే సర్దిచెప్పుకుని 'లోపం కాదు' అన్న గడి నొక్కింది. కంప్యూటర్ బుద్ధిగా నేర్చుకుంది. మచ్చ పోయింది.

"ఏం లేదన్నా, పోయి పని చేస్కో," అంది చెన్నబసప్పకు మళ్లీ ఫోన్ చేసి.

అప్పుడే నసీరుద్దీన్ లోపలికి వచ్చాడు.

"ఏం భాయ్, చెప్తే ఇనవా? నా పానం తోడినవ్ గద. పో, ఆ రొట్టెలు తెచ్చుకొని తిను."

ఆయన అయోమయంగా చూశాడు.

"రంజాన్ షురువైంది కద మేడం, ఇయ్యాల డబ్బ తేలేదు."