అరువు అంగీ

"కాస్త కదలకుండా నిలబడమ్మా," అంది మిల్కా, దారం పళ్లతో తెంపుతూ.

యెమీమా నిలబడలేదు. ద్రాక్షతోటల వైపు నుంచి డప్పుల చప్పుడు మొదలైంది. కాళ్లు వాటంతటవే లేస్తున్నాయి.

ఆబు నెల పున్నమి. యెరూషలేములో ఆడవాళ్లు తెల్లంగీలు తొడుక్కుని తోటల్లో ఆడే రోజు, మగవాళ్లు వచ్చి జోడు వెతుక్కునే రోజు. ఎవరూ సొంత అంగీ తొడగకూడదు. ప్రధాన యాజకుడి కూతురైనా సరే, ఇంకో ఇంట్లో అరువు తెచ్చుకోవాల్సిందే. అప్పుడు లేనివాళ్లకి చిన్నతనం ఉండదు.

యెమీమా తెచ్చుకున్నది కుమ్మరి వాళ్లింటి అంగీ. అంచుకి దానిమ్మ పువ్వుల కుట్టు. నడుం దగ్గరే బిగుతు.

"ఊపిరాడ్డం లేదు."

"అత్తిపళ్లు కాస్త తక్కువ తినాల్సింది. నోరు తెరిచి నవ్వకు. జుట్టు కనపడకుండా ముసుగు లాక్కో. ఎగరకు, గట్లుంటాయి. వయసొచ్చింది గానీ బుద్ధి రాలేదు నీకు."

"నీకో దండం తల్లీ, నన్ను వెళ్లనీ."

"వెళ్లి? పోయినేడూ వెళ్లావుగా. ఆ యాయీరు ఏమన్నాడు?"

అదే బాధ. గానుగ దగ్గర నూనె పట్టే యాయీరు మంచివాడే, నోట్లోంచి మాటే ఊడిపడదు. పోయినేడు పొద్దుగూకే దాకా తోట గోడకి ఆనుకుని నిలబడ్డాడు. యెమీమా అతని ముందే తిరిగి తిరిగి ఆడింది. చివరికి "ఎండ బాగా ఉంది" అనేసి ఇంటికి పోయాడు.

ఈసారి ద్రాక్షకోతలు కాగానే యెరికోలో తనవాళ్ల దగ్గరికి వెళ్లిపోతున్నాడట. ఇవాళ అడిగితే అడిగినట్టు. లేదంటే ఇక లేదు.

"ఊరు నవ్వుతుంది," అంది మిల్కా. గొంతు తగ్గింది. "నాన్న పోయినప్పట్నుంచి నిన్ను కళ్లల్లో పెట్టుకుని చూసుకున్నాను. ఏం తక్కువ చేశానని?"

"ఏమీ తక్కువ చెయ్యలేదు. ఇక నన్ను ఇంకో ఇంటికి పంపించు," అంటూనే యెమీమా గుమ్మం దాటేసింది.

తోటలో ఎటు చూసినా తెలుపే. చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతున్నారు. గోడ దగ్గర మగవాళ్లు తలలు దించుకుని నిలబడ్డారు.

"కళ్లెత్తి చూడండయ్యా, మేమేమన్నా నేల్లోంచి మొలుస్తామా?" అని అందరూ ఆటపట్టిస్తున్నారు.

యాయీరు చేతిలో చిన్న నూనె బుడ్డి ఉంది. నాలుగిళ్లు తిరిగి, యెమీమా తొడిగేది దానిమ్మ పువ్వుల అంచు అంగీ అని ముందే కనుక్కున్నాడు. ఉన్నట్టుండి కదిలాడు. గబగబా వచ్చి ఆ అంచు ముందు ఆగి, తల ఎత్తకుండానే గొంతు సవరించుకున్నాడు.

ఆ అంగీలోని పిల్ల పకపకా నవ్వింది. "కుమ్మరి వాళ్లు రెండు అరువిచ్చారు. నువ్వు వెతికే అంగీ అదిగో, అటు."

తోటంతా నవ్వు. యెమీమా తిరగడం ఆపేసింది. అయిపోయింది, ఇక ఇంటికి పోతాడు.

పోలేదు. కందిపోయిన మొహంతోనే వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"ఎండ..." అన్నాడు.

"ఎండ సంగతి తర్వాత," అంది యెమీమా, ఆయాసపడుతూ. "అడగాల్సింది అడుగు."

"ఇంట్లోవాళ్లని అడగాలి కదా. పద్ధతి."

యెమీమా నోరంతా తెరిచి నవ్వింది. తన వెనకే వచ్చి గట్టు మీద చేతులు నలుపుకుంటున్న మిల్కా వైపు వేలు చూపించింది.

డప్పులు ఆగిపోయాయి. యాయీరు వెళ్లి నూనె బుడ్డి మిల్కా చేతిలో పెట్టాడు. ఈసారి తల ఎత్తే అడిగాడు.

"మిల్కమ్మా, నాకు మీ అమ్మనిచ్చి పెళ్లి చేస్తావా?"