తడవని బ్యాగు

"బాబూ, కాసిని నీళ్లు ఇప్పించు" అంది ఆవిడ.

తాగడానికి కాబోలనుకుని సేల్స్‌మన్ గ్లాసుతో తెచ్చాడు. ఆవిడ ఆ నీళ్లు తీసుకుని, కౌంటర్ మీదున్న నీలం బ్యాగు జిప్పు మీద గుమ్మరించింది.

"అయ్యయ్యో, అమ్మా! వాటర్‌ప్రూఫ్ అని రాసే ఉందిగా!"

"రాయడానికేం? పోయినసారి దాని మీదా రాశారు."

పోయినసారి కొన్న బ్యాగు మొదటి జల్లుకే చేతులెత్తేసింది. అన్నం డబ్బా, తువ్వాలు, పేపరు అన్నీ నానిపోయి, పొద్దంతా నడుస్తానని వెళ్లిన ఆయన కాఫీ వేళకే గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. అంతకుముందుది గట్టిదే గానీ గాడిద మోయాల్సినంత బరువు. భుజం పట్టేసిందని వీధి చివరినుంచే వెనక్కి తిరిగారు. అసలాయన్ని నడకకు ఒప్పించడానికే ఆవిడకు తాతలు దిగొచ్చారు. ఈ మూడోది కూడా బెడిసికొడితే ఆయన ఇక నడక మాటే ఎత్తరని ఆవిడ భయం.

సదరు ఆయన, ఈమధ్యే రిటైరైన గోడౌన్ మేనేజరు, ఫ్యాను కింద స్టూలు మీద సేదదీరుతున్నారు. ఉద్యోగమంతా ఒకళ్ల చేత బస్తాలు మోయించిన మనిషి. తన బ్యాగు తను ఎంచుకోవడం ఆయనకు నామోషీ.

"ఏదో ఒకటి తీసుకోవే. ఎండ ముదురుతోంది."

"మీరు కూర్చోండి. మీకు భుజం నొప్పెడితే పడేది నేను."

వెంట వచ్చిన ఆడపడుచు కళ్లొత్తుకుంది. "మా అన్నయ్య ఎంత పుణ్యం చేసుకున్నాడో వదినా!"

ఆవిడ వినిపించుకోలేదు. బ్యాగును చిటికెన వేలికి తగిలించి ఊపి చూసింది. మొగుడి వీపుకు తగిలించి కొట్టంతా తిప్పింది. పట్టీలు ఒరుసుకుంటున్నాయేమోనని ఆయన భుజాలు తడిమింది. చివరికి, ముందే బ్యాగులో పెట్టి ఉంచిన తన చేతిరుమాలు తీసి బుగ్గకు ఆనించుకుంది. పొడిగా ఉంది.

"ఇదే ఇచ్చెయ్యి." ఆవిడ గొంతులో సంతోషం దాగలేదు.

"సార్ అదృష్టవంతులండీ" అన్నాడు సేల్స్‌మన్, కౌంటర్ తుడుచుకుంటూ. "నేను వానలో వెళ్తుంటే మా ఆవిడ గొడుగు కూడా అందివ్వదు."

మర్నాడు పొద్దున్నే మబ్బు పట్టింది. ఆయన ఆశగా ఆకాశం వైపు చూశారు. ఆవిడ మధ్యాహ్నానికి భోజనం, సాయంత్రానికి టిఫిన్, రైన్‌కోటు బ్యాగులో సర్ది వీపుకు తగిలించింది. ఆయన వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపింది. పక్కింటావిడ తన మొగుణ్ణి పిలిచి మరీ ఆ దృశ్యం చూపించింది.

ఆ తర్వాత ఆవిడ తలుపు గడియ పెట్టుకుని, రిటైరైన నాటినుంచి ఆయన అక్షరక్రమంలో నిలబెట్టి రోజూ తనిఖీ చేస్తున్న వంటింటి డబ్బాలన్నిటినీ చెల్లాచెదురు చేసి, వానొచ్చినా వరదొచ్చినా చీకటి పడేదాకా ఇల్లు తనదేనని కాళ్లు బారజాపుకుని కూర్చుంది.