పెద్ద పార్టీ

"ఇల్లు అమ్మేస్తున్నాను బాబూ. వేరే ఇల్లు చూసుకోండి," అంది ఇంటావిడ, కుర్చీలో కూర్చుంటూనే.

"అదేంటి పిన్నిగారూ, ఉన్నట్టుండి?" అద్దెకుంటున్న గుమాస్తా భార్య తెల్లబోయింది.

"మన పేటకి గిరాకీ వచ్చిందమ్మా. ఎవరో పెద్ద పార్టీ ప్రతి ఆదివారం వచ్చి, ఇంటింటికీ ధర అడుగుతున్నాడట. ఆయన అడిగినకొద్దీ అందరూ రేట్లు పెంచేస్తున్నారు."

అప్పోసప్పో చేసి ఓ చిన్న ఇల్లు కొనుక్కోవాలని, పక్క వీధులన్నీ తిరిగి ధరలు కనుక్కుంటున్నది ఈ గుమాస్తాయే. మామూలుగా వెళ్తే లెక్కచెయ్యరని, స్నేహితుడి కారు అడిగి తీసుకెళ్లేవాడు.

"మనిషి ఎలా ఉంటాడట?" భార్య మొగుడి వైపే చూస్తూ అడిగింది.

"కోటూ, నల్లకళ్లద్దాలూ, కారూ! డబ్బు మూలుగుతున్నవాడేనట."

గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. "ఆయన ఊరికే అడుగుతున్నాడేమోనండీ. అంత ధరైతే కొనలేడేమో."

ఇంటావిడ జాలిగా నవ్వింది.

"అద్దెకుండేవాడివి, ఇళ్ల ధరల సంగతి నీకేం తెలుసు నాయనా!"