జానెడు సందు

బాల్కనీ జారుడు అద్దాల తలుపు మళ్లీ జానెడు తెరిచి ఉంది. ఆ సందులో పెంపుడు కుక్క జానీ మూతి ఉంది.

హిమజ చేతిసంచి గుమ్మంలోనే వదిలేసి, ఒక్క ఉరుకున హాలు దాటి పాపను ఎత్తుకుంది. పాప బాల్కనీ అద్దాన్ని అరచేత్తో చరుస్తూ కిలకిల నవ్వుతోంది. పాకడం వచ్చి నెల కూడా కాలేదు, అప్పుడే ఇల్లంతా తనదే. ఉన్నది రెండో అంతస్తు. గ్రిల్లు కడ్డీల మధ్య పాప తల సులువుగా పడుతుంది.

పాపను చంకనేసుకుని, ఎప్పటిలాగే మోకాలితో తలుపును నెట్టింది. చివరి జానెడులో చక్రం పట్టేసింది. అక్కడ తలుపు జారే రైలు నొక్కుకుపోయింది; మూయాలన్నా తీయాలన్నా పెద్దవాళ్ల బలం కావాలి. జానీ పక్కనే నిలబడి ఆమె మోకాలినే శ్రద్ధగా చూస్తున్నాడు.

పూజగదిలోంచి అగరొత్తుల వాసనా, దాని వెనకే భారతమ్మా వచ్చారు. మనవరాలిని చూసుకోవడానికి ఆళ్లగడ్డ నుంచి వచ్చిన అత్తగారు.

"మళ్లా తీసినాడా? పగలంతా బుద్ధిగానే ఉంటాడు. నువ్వొచ్చే యాళకే వీడికి పూనకం," అంది.

నిజమే అనిపించింది హిమజకు. ల్యాబులో పని ముగించుకుని తను ఇల్లు చేరేది దీపాల వేళకు. తన కోసమే వీడు బాల్కనీలోకి పోవాలని చూస్తున్నాడు కాబోలు. అద్దం నిండా ముక్కు మరకలే. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

భారతమ్మకు ఈ నంద్యాల ఇల్లు మొదటినుంచీ నచ్చలేదు. వాకిలి పడమరకుంది, ఎదురుగా పక్కింటివాళ్ల చెప్పుల స్టాండు. దీపం ముట్టించే ముందు వాకిలి బార్లా తీసి లక్ష్మిని పిలవడం ఆళ్లగడ్డ ఇంట్లో తాతల నాటి పద్ధతి. ఈ వాకిలి తీస్తే లక్ష్మి ఆ చెప్పులు చూసి మెట్ల మీంచే వెనక్కి పోతుందని ఆమె దిగులు. వీటన్నిటికీ సర్దుకుపోయింది గానీ, ఇంట్లో కుక్కతో మాత్రం సర్దుకోలేకపోయింది. పెళ్లికి ముందు హిమజ రోడ్డు మీంచి ఎత్తుకొచ్చిన నాటు కుక్క జానీ. పాప పుట్టేదాకా హిమజకు వాడే పాప.

హిమజ భర్త ప్రదీప్ పని నుంచి రాగానే పంచాయితీ పెట్టారు. కుక్కను ఆదివారం ఆళ్లగడ్డకు తీసుకుపోయి చేను కాడ గొలుసేసి కట్టేద్దామంది భారతమ్మ. ప్రదీప్ నసిగాడు.

"బిడ్డ కావాల్నా, కుక్క కావాల్నా?" అని అడిగింది వాళ్లమ్మ.

హిమజ పాపను గట్టిగా పట్టుకుంది. "ఆదివారం లోపల మళ్లా ఒక్కసారి తలుపు తెరిచుంటే, గొలుసు నేనే నీ చేతికిస్తా అత్తా," అంది.

ఆ రోజు నుంచి తలుపుతో యుద్ధమే. అద్దె ఇల్లు, ఎక్కడా చిల్లు పెట్టకూడదని ఓనరు ముందే చెప్పాడు. ఆన్‌లైనులో తెప్పించిన అంటించే లాకు నంద్యాల ఎండకు కరిగి ఊడి పడితే, పాప దాన్ని చప్పరిస్తూ దొరికింది. చివరికి ప్రదీప్ పాత మాపు కర్రను రంపంతో కోసి, రైలులో పడుకోబెట్టాడు. కొలతేసినట్టు సరిపోయింది. బాల్కనీలో పెరుగన్నం పెట్టి జానీని తలుపు మీదికి ఉసిగొల్పారు. గీకాడు, తోశాడు, మూలిగాడు. తలుపు వెంట్రుకవాసి కదల్లేదు.

"ఈ కర్ర తీయాలంటే వంగి చేత్తో పట్టుకోవాల. కుక్కకు చేతులు యాడుండాయి?" అని ప్రదీప్ కాలరెగరేశాడు. హిమజ ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

శనివారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి తలుపు జానెడు తెరిచి ఉంది. సందులో జానీ మూతి. రైలులో కర్ర లేదు.

హిమజ పాపను ఎత్తుకుంది. మేకుకున్న గొలుసు తీసింది. షికారు అనుకుని జానీ తోకూపాడు. అది చూశాక ఆమెకు ఏడుపు ఆగలేదు. పూజగది గడపలో నిలబడ్డ భారతమ్మకు గొలుసు చాచి, "మాట మాటే అత్తా. తీసుకో," అంది.

భారతమ్మ గొలుసు అందుకుని తిన్నగా చెత్తబుట్టలో పడేసింది. వంటింట్లోకి పోయి పళ్లెంలో ఎర్రనీళ్లు కలుపుకొచ్చింది. దిష్టి పాపకేమో అనుకుని హిమజ బిడ్డను ముందుకు పట్టింది. భారతమ్మ ఆమెను దాటిపోయి, జానీ చుట్టూ పళ్లెం తిప్పడం మొదలుపెట్టింది.

అప్పుడే లోపలికి వచ్చిన ప్రదీప్ నోరు తెరిచాడు. "ఏందిమా ఇది, కుక్కకు దిష్టి తీస్తాండావ్?"

భారతమ్మ పళ్లెం తిప్పుతూనే ఉంది. హిమజ చూపు పూజగదిలోకి పోయింది. వెలుగుతున్న దీపం పక్కన, దేవుళ్ల ముందు, మాపు కర్ర ఉంది.

"నడుము నొప్పితో వంగి కర్ర తీయాల్సొచ్చింది. అందుకే ఈపొద్దు తెలిసొచ్చింది," అంది భారతమ్మ మెల్లగా. "ఆళ్లగడ్డ నుంచి చేతికి అలవాటైన పని, చెప్పులున్న వాకిలి బదులు దీన్ని తీస్తాండానని కూడా తెలీలేదు. దీపం ముట్టించి ఎనక్కి తిరిగి చూస్తే పాప బాల్కనీ గడప కాడుంది. నేను పోయేలోపలే వీడు మూతి అడ్డం పెట్టినాడు."

పళ్లెం కింద పెట్టి, మొదటిసారిగా జానీ తల నిమిరింది.

"రోజూ తలుపు తీస్తాండేది నేను, మూస్తాండేది వీడు."