పొద్దుటి మాత్ర

కిటికీ పక్క మంచంలో ఉన్న లారీ డ్రైవరు రక్తంలో మూర్ఛ మందు మళ్ళీ తక్కువే తేలింది.

రెండు పూటలా మాత్ర ఇస్తూనే ఉన్నారు. మరి ఇచ్చింది ఏమైపోతున్నట్టు?

డాక్టరు అందర్నీ కూర్చోబెట్టి అడిగాడు. మోతాదు సరిగ్గానే పంపుతున్నానన్నాడు మందుల గదిలో ఆయన. వేళకే రక్తం తీస్తున్నానంది ల్యాబ్ అమ్మాయి. తన చేత్తోనే మాత్ర అందిస్తున్నానంది వార్డు నర్సు.

ఎవరి పనిలోనూ వంక దొరకలేదు. అంటే ఇది బయటివాళ్ళ పనే.

హెడ్ నర్సు మనసు చటుక్కున ఆవిడ మీదికి పోయింది.

రోజూ పొద్దున సరిగ్గా మాత్రల వేళకి ఊడిపడే నడివయసు మనిషి. పలకరింపూ లేదు, చేతిలో పండూ లేదు. ఎవరమ్మా అంటే తెలిసినవాళ్ళం అంటుంది, అంతే. ఆవిణ్ణి చూడగానే డ్రైవరు ముడుచుకుపోతాడు.

మర్నాడు హెడ్ నర్సు తెర చాటున కాపు వేసింది. ఆవిడ డ్రైవరు గడ్డం పట్టుకుని, నోట్లో వేలు పెట్టి వెతుకుతోంది.

"ఏంటమ్మా మీరు చేస్తున్న పని?"

"మింగాడో లేదో చూస్తున్నాను."

"అది చూడ్డానికి మేమున్నాం. ఇంకెప్పుడూ ఈ వార్డు గడప తొక్కకండి."

ఆవిడ వాదించలేదు.

"సాయంత్రాలు నాకు పని, రాలేను సిస్టర్. అప్పుడు కూడా కాస్త చూడండి" అని మాత్రం అంది.

హెడ్ నర్సు ఆ మాట చెవిన వేసుకోలేదు. దొంగ దొరికిందని అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. ఆవిడ గేటు దగ్గర నిలబడుతోందని వాచ్‌మన్ వచ్చి చెబితే, పంపించెయ్యమంది హెడ్ నర్సు.

ఈసారి రక్తంలో మందు జాడే లేదు.

ఆ మధ్యాహ్నమే డ్రైవరు మూర్ఛతో కొట్టుకుని మంచం మీంచి పడ్డాడు. పక్క దులిపితే దిండు గలీబులోంచి నాని, ఎండిన మాత్రలు రాలాయి.

ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు. మాత్ర పంపినవాళ్ళున్నారు, ఇచ్చినవాళ్ళున్నారు, కొలిచినవాళ్ళున్నారు. మింగాడా అని చూసింది ఆవిడొక్కతే.

హెడ్ నర్సు వాచ్‌మన్‌ని గేటుకి పరిగెత్తించింది. ఆవిడ రావడం మానేసిందనీ, ఇల్లెక్కడో ఎవరికీ తెలీదనీ చెప్పాడతను.

డ్రైవరుకి తెలివొచ్చాక హెడ్ నర్సు పక్కన కూర్చుంది.

"ఎందుకయ్యా ఇలా చేశావు?"

"బతకాలని లేదు సిస్టర్. ఆవిడే ఒప్పుకోలేదు. బతకడమే నాకు శిక్షంది, పొద్దుటిదైనా మింగించేది."

"ఎవరు ఆవిడ నీకు?"

అతను గోడవైపు తిరిగాడు.

"నేను మాత్ర మానేసి లారీ ఎక్కిన రోజున, దాని కింద పడి చనిపోయింది ఆవిడ కూతురే."